కంచె, ఇంటి దొంగ, చిట్టెలుక

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన రోజు. ఈ సందర్భంగా ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. బి.పి., షుగర్ గురించి మీరు ఏటా వింటూనే ఉన్నారు. అందుకని ఈసారి ఎలుకల గురించి చెబుతాను. నవ్వకండి, విషయం మనదే.

కరోనా వచ్చిపోయాక మనలో ఏ ఇద్దరు కలిసినా "ఇమ్యూనిటీ పెంచుకోవాలండీ" అనే మాట వినబడుతోంది. రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదేనా? ఈ ప్రశ్నకు ప్రయోగశాలల్లోని చిట్టెలుకలు జవాబు చెప్పాయి.

మన ఒంట్లో తెల్ల రక్తకణాలు కాపలా కాస్తుంటాయి. బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి పరాయిది కనుక గుర్తుపట్టడం సులువు. కష్టమంతా ఇంటివారితోనే. కాన్సర్ కణం పరాయిది కాదు. మన కణమే దారి తప్పి, అదుపు లేకుండా పెరుగుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు పెద్దలు. కాపలా కణాలు కూడా చాలాసార్లు దానిని మనవాడే అని వదిలేస్తాయి. దీనికి తలకిందులైన కథ ఇంకొకటి ఉంది. కాపలా కణాలే పొరబడి, కీళ్లనో, చర్మాన్నో, థైరాయిడ్ గ్రంథినో శత్రువనుకుని మీద పడతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. డాక్టర్లు దీనిని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. రుమటాయిడ్ కీళ్లవాతం, సొరియాసిస్, లూపస్, బొల్లి ఈ కోవలోవే.

చూడటానికి ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఒకే తాడుకు రెండు కొసలని ఎలుకలు చూపించాయి.

1969లో జపాన్‌లోని నగోయాలో నిషిజుకా, సకకురా అనే ఇద్దరు పరిశోధకులు, పుట్టి మూడు రోజులైన ఎలుక పిల్లలకు థైమస్ గ్రంథి తీసేశారు. టి కణాలనే కాపలా కణాలు తయారయ్యేది ఆ గ్రంథిలోనే. తీసేస్తే రక్షణ బలహీనపడాలి కదా! కాని ఆ ఎలుకల అండాశయాలు దెబ్బతిన్నాయి. సొంత రక్షణ బలగమే వాటిని నాశనం చేసింది. సకగుచి అనే శాస్త్రవేత్త ఈ ముడిని పట్టుకుని ఏళ్ల తరబడి విప్పారు. తోటి కాపలాదారులను అదుపులో పెట్టే టి కణాలు కొన్ని ఉన్నాయని, అవి లోపిస్తే ఎలుకకు ఆటోఇమ్యూన్ జబ్బులు వస్తాయని 1995లో చూపించారు. 1999లో రెండో కొస బయటపడింది. అదుపు చేసే ఆ కణాలను తీసేసిన ఎలుకలకు కాన్సర్ కణాలు ఎక్కిస్తే, వాటి శరీరం ఆ గడ్డలను తిప్పికొట్టింది. చేను మేసిన కంచే ఇంటి దొంగనూ పట్టిందన్నమాట. 2025లో సకగుచికి మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలాంటిదే ఇంకో కథ. టి కణాల మీద సి.టి.ఎల్.ఏ.-4 అనే బ్రేకు ఒకటి ఉంటుంది. పుట్టుకతోనే ఆ బ్రేకు లేని ఎలుకలు మూడు నాలుగు వారాలకే చనిపోయాయి. వాటి టి కణాలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, గుండె మొదలైన అవయవాల్లోకి చొరబడ్డాయి. ఇది 1995 నాటి మాట. మరుసటి ఏడాది అమెరికాలోని బర్క్‌లీలో జేమ్స్ ఆలిసన్ బృందం ఆ బ్రేకును పూర్తిగా తీసేయకుండా, మందుతో కొద్దికాలం మాత్రం వదులు చేసి చూసింది. ఎలుకల్లో కాన్సర్ గడ్డలు కరిగిపోయాయి. 1999లో నల్ల ఎలుకల మీద ఇంకో ప్రయోగం జరిగింది. చర్మానికి, వెంట్రుకలకు రంగునిచ్చే కణాల నుంచి పుట్టే మెలనోమా అనే కాన్సర్‌ను, ఇదే మందుకు ఒక టీకాను జోడించి తగ్గించారు. జబ్బు తగ్గిన ఎలుకల నల్లని బొచ్చు అక్కడక్కడ తెల్లబడింది. కాన్సర్ కణాన్ని చంపిన కాపలాదారు, దాని పక్కనున్న మంచి రంగు కణాన్ని కూడా చంపేశాడు. కాన్సర్ తగ్గింది, బొల్లి మిగిలింది.

క్యోటోలో హోంజో బృందం 1992లో పి.డి.-1 అనే మరో బ్రేకును కనుగొన్నది. అది లేని ఎలుకలకు వయసు మీరాక లూపస్ వంటి జబ్బు వచ్చింది. ఆలిసన్, హోంజోలు 2018లో నోబెల్ పంచుకున్నారు. ఈ పరిశోధనల ఫలితంగా 2011 నుంచి బ్రేకు వదులు చేసే కాన్సర్ మందులు రోగులకు అందాయి. మన దేశంలోనూ వాడుతున్నారు. ఖరీదు మాత్రం ఎక్కువ.

తాడును రెండో వైపు నుంచి కూడా చూడాలి. 1993లో ఐ.ఎల్.-10 అనే శాంతింపజేసే పదార్థం లేని ఎలుకలను తయారుచేశారు. అవి తమ పేగుల్లోని సూక్ష్మజీవులతో ఎడతెగని పోరు పెట్టుకున్నాయి. పేగు వాచింది. ఆ వాపు కొనసాగగా కొన్నింటికి పెద్దపేగు కాన్సర్ వచ్చింది. ఏళ్ల తరబడి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారిని డాక్టర్లు కొలనోస్కోపీకి రమ్మనేది ఇందుకే. కనుక ఆటోఇమ్యూన్ జబ్బును ముదరనివ్వకపోవడం కూడా ఒక జాగ్రత్తే.

అయితే ఎలుక మనిషి కాదు. సి.టి.ఎల్.ఏ.-4 మందు ఎలుకలకు పెద్దగా ఇబ్బంది కలిగించలేదు. మనుషుల్లో చాలామందికి చర్మం, పేగు, కాలేయం, గ్రంథులు వాచాయి. ప్రయోగశాల ఎలుక వయసులో చిన్నది, శుభ్రమైన పంజరంలో పెరిగింది. మన ఒంట్లో అరవై, డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది.

మన తెలుగువారి పేరు కూడా ఈ కథలో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. పని చేసే తీరు ఒకటి కాకపోయినా, ఈనాడు ఇది కొన్ని కాన్సర్లకూ, కీళ్లవాతానికీ కూడా మందే.

చివరగా మూడు మనవులు.

ఒకటి, కాన్సర్‌కు ఇమ్యునోథెరపీ అన్నప్పుడు మీకున్న కీళ్లవాతం, సొరియాసిస్, థైరాయిడ్ వంటివన్నీ ముందే డాక్టరుకు చెప్పండి. అవి ఉన్నంత మాత్రాన వైద్యం ఉండదని కాదు, జాగ్రత్త పెరుగుతుంది. వైద్యం జరుగుతుండగా గాని, ముగిసిన కొన్ని నెలలకు గాని విరేచనాలు, ఆయాసం, దద్దుర్లు, విపరీతమైన నీరసం కనిపిస్తే వీధి చివర మందుల షాపుకు వెళ్లకండి. అదే రోజు ఆస్పత్రికి ఫోను చేయండి. ఈ మాట ఇంట్లోవారికీ చెప్పి ఉంచండి.

రెండు, కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. ఏ వారం వేసుకోవాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కాన్సర్ మందట అని ఎవరో భయపెడితే డాక్టరును అడగకుండా మానేయకండి.

మూడు, ఇమ్యూనిటీ పెంచుతామనే పొడులు, టానిక్కులు కొనే ముందు ఆ ఎలుకలను ఒక్కసారి తలచుకోండి. ముఖ్యంగా ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారు డాక్టరు సలహా లేనిదే వాటి జోలికి పోవద్దు. టీకాల సంగతి వేరు. టీకా కాపలాదారుకు ఫలానా దొంగ ఫోటో చూపిస్తుంది, అంతే. మీ జబ్బుకు, మీరు వాడే మందులకు ఏ టీకా సరిపడుతుందో డాక్టరునే అడగండి.

రక్షణ బలగం ఎంత పెద్దదన్నది కాదు, ఎవరిని పట్టాలో, ఎక్కడ ఆగాలో దానికి తెలియడం ముఖ్యం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ అధికారం, అదుపు రెండూ చూసిన మీకు ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.