నవ్వు ఎవరి మీద?

(కళాబృందాల శిక్షణా శిబిరంలో మేం మాట్లాడిన మాటల పాఠం)

మగాడు చీరకట్టి ఆడవేషం వెయ్యడం మనకేం కొత్తకాదు. వీధి భాగోతాలు చూసి పెరిగినవాళ్ళమే. కానీ మన నాటికల్లో 'ఆడంగి' పాత్ర ఒకటి పెట్టి, వాణ్ణి అటూ ఇటూ నడిపించి జనాన్ని నవ్విస్తున్నాం చూడండి, దాని గురించి మాట్లాడాలి. అందుకే ఎక్కడో అమెరికా కథ ఎత్తుకున్నాం.

చార్లెస్ లడ్లమ్ అని న్యూయార్క్ నటుడు. మగవాణ్ణి ప్రేమించిన మగవాడు. అక్కడ అలాంటి సంబంధం 1980 దాకా చట్టం దృష్టిలో నేరమే. 1967లో ఆయన 'రిడిక్యులస్ థియేట్రికల్ కంపెనీ' పెట్టాడు. వెక్కిరింతకు తగిన నాటక కంపెనీ అని అర్థం. ఎదుటోడు వెక్కిరించకముందే ఆ పేరు తామే పెట్టుకున్నారని మాకనిపిస్తుంది. చేతిలో డబ్బుల్లేవు. పారేసిన గుడ్డలు, పాత సామాన్లతోనే వేషాలు.

1973లో 'కమీల్' ఆడారు. క్షయతో చచ్చిపోయే వేశ్య కథ. ఆ వేషం లడ్లమే కట్టాడు. మెడ దగ్గర బాగా కిందికి కోసిన గౌను, పైన ఛాతీ వెంట్రుకలు! గొరిగించుకోలేదు, దాచుకోలేదు. జనం మొదట పడీపడీ నవ్వారు. చివర్న ఆమె చనిపోతుంటే అదే జనం కళ్ళు తుడుచుకున్నారు. అదే మగాడు, అదే గౌను. మరి నవ్వు ఏడుపెట్లా అయింది? ఆయన ఆమెని వెక్కిరించలేదు. ఆమె దుఃఖం తనదే అన్నట్టు మోశాడు.

1984లో 'ది మిస్టరీ ఆఫ్ ఇర్మా వెప్'. ఆయనా, జీవిత సహచరుడు ఎవరెట్ క్వింటనూ ఇద్దరే అన్ని పాత్రలూ వేశారు. ఇటు ఆడమనిషి పోతే అటు మగమనిషి వస్తాడు. తెరవెనక క్షణాల్లో వేషం మార్పు. నలుగురితో నాటకం లాక్కొచ్చే మనం నేర్చుకోవాల్సిన పని ఇది.

1987 మేలో ఎయిడ్స్ ఆయన్ని తీసుకుపోయింది. 44 ఏళ్ళే. కంపెనీని క్వింటన్ మరో పదేళ్ళు నిలబెట్టాడు.

అదే 1987లో కాలిఫోర్నియాలో టేలర్ మాక్‌కి 14 ఏళ్ళు. తనలాంటివాళ్ళు గుంపుగా, బహిరంగంగా నడవడం ఎయిడ్స్ పాదయాత్రలో మొదటిసారి చూశారు. ఒకపక్క మనుషులు చచ్చిపోతున్నారు, ఇంకోపక్క కూడగట్టుకుంటున్నారు. లడ్లమ్‌ని తన ముందుతరంగా చెప్పుకునే మాక్, 2016లో బ్రూక్లిన్‌లో 24 గంటలు ఏకబిగిన పాడారు. మొదట 24 మంది వాద్యగాళ్ళు. గంటకొకరు లేచి వెళ్ళిపోతారు. ఆఖరి గంటకు వేదిక మీద మాక్ ఒక్కరే.

రేపు మన రిహార్సల్ ఉంది. ఆ పాత్ర తీసెయ్యమని కొందరు, ఉంచమని కొందరు. ఇన్ని ఊళ్ళలో ఆడాం, వాడికి ఇంతవరకు పేరు కూడా పెట్టలేదు. ముందు పేరు పెడదాం. తర్వాత వాడి ఇంట్లో ఒక సీను రాద్దాం.