ఎహతియాత్ అనే మాట

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో ఉర్దూ పాఠం చెప్పుకునేవాళ్లం. అందుచేత పెద్ద ఉపన్యాసం కాక, మన ఇళ్లలో రోజూ వినబడే ఒక మాట గురించి నాలుగు ముక్కలు మనవి చేస్తాం. ఆ మాట ‘ఎహతియాత్’. పిల్లవాడు బజారుకు బయలుదేరితే అమ్మీ ‘ఎహతియాత్ సే జా బేటా’ అంటుంది. తెలంగాణ పల్లెల్లో ‘పైలం బిడ్డా’ అన్నా, కోస్తా వైపు ‘జాగ్రత్త నాయనా’ అన్నా అదే.

ఈ మాట అరబీ నుంచి వచ్చింది. దాని ధాతువుకు అర్థం చుట్టూ ఆవరించడం. గోడను అరబీలో ‘హాయిత్’ అంటారు. ఇంటి ఆవరణను ఉర్దూలో ‘ఇహాతా’ అంటాం. మూడూ ఒకే వేరు నుంచి పుట్టినవే. తెలుగు ‘జాగ్రత్త’ సంస్కృతంలో మేలుకొని ఉండడం నుంచి వచ్చింది. ఒకటి ప్రహరీ గోడ, ఒకటి కాపలావాడు. ఇంటికి రెండూ కావాలి కదా!

ఎహతియాత్ అంటే అనుమానమని కొందరు అనుకుంటారు. అనుమానానికి ‘షక్’ అనే మాట వేరే ఉంది. పిరికితనానికి ‘బుజ్‌దిలీ’ ఉంది. గోడ కట్టినంత మాత్రాన పొరుగువాణ్ని దొంగ అన్నట్టు కాదు. గోడకు తలుపు కూడా పెడతాం, చుట్టాలు వస్తే తీస్తాం.

అయినా డబ్బు దగ్గరికి వచ్చేసరికి మనకు మొహమాటం. ‘సొంత భాయికి ఇస్తూ కాగితం అడుగుతామా?’ అంటాం. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలో 282వది, అప్పును రాసుకొమ్మనీ సాక్షుల్ని పెట్టుకొమ్మనీ చెప్పేదే. కాగితం అడగడం సిగ్గుపడే పని అయితే అంత వివరంగా ఎందుకు చెప్పినట్టు?

జామీను సంతకం సంగతీ అంతే. ‘ఊరికే పేరు కోసం’ అని పెట్టిస్తారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. సంతకం తండ్రిది. కిస్తులు కట్టలేక బడి మానేసి మెకానిక్ షెడ్డుకు పోయేది కొడుకు. అలా తరగతిలో ఖాళీ అయిన చోట్లు మేము చూశాం.

గల్ఫ్ ప్రయాణం ఇంకొకటి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఏజెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. పైకం ఇచ్చే ముందు ఆ నంబరు అడగండి. ఒప్పందం చదివించుకోండి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో ఆడవాళ్ల చేతిలో ఉంచండి. ‘మనవాడేలే’ అన్న మాట రసీదు కాదు.

చివరగా ఒక్క మాట. ఎహతియాత్ ఉన్నవాణ్ని ‘ముహతాత్’ అంటాం. ఇతరుల సాయం మీద ఆధారపడ్డవాణ్ని ‘ముహతాజ్’ అంటాం. ఉర్దూ లిపిలో ఆఖరి అక్షరం ఒక్కటే తేడా. అయితే ముహతాజ్ అయిన ప్రతివాడూ అజాగ్రత్తపరుడే అనకూడదు. రోగం, వరద చెప్పి రావు. అటువంటివారికి చేయూతనివ్వడానికే ఈ సంఘం ఉన్నది. ఒక్క కాగితంతో కాపాడుకోగలిగింది మనం కాపాడుకుంటే, సంఘం పైకం వారికి మిగులుతుంది.

ఖుదా హాఫిజ్.