మోకు తెగితే ఏమవుతుంది?



మాది గాజువాక. నేను క్రేన్లు, హాయిస్టులు తనిఖీ చేసే ఇంజనీర్ని. ఎక్కడైనా పెద్ద కట్టడం లేస్తుంటే, అక్కడ సామాన్లనీ మనుషుల్నీ పైకి చేర్చే యంత్రాల మోకులు, బ్రేకులు, బోల్టులు చూసి సంతకం పెట్టడమో, పెట్టననడమో నా ఉద్యోగం. పెట్టననడం వల్ల చాలా ఊళ్లు మారాల్సి వచ్చింది. అది వేరే కథ.

అరకులో ఆకాశాన్నంటే మేడలేవీ లేవు కదా, ఈయన ఎవరికి చెబుదామని ఘాట్ రోడ్డెక్కాడు అని మీకు అనిపించవచ్చు. మేడలు ఇక్కడ లేవు గానీ వాటిని కట్టే చేతులు ఇక్కడున్నాయి. కాఫీ పళ్ల కోత అయిపోయి చేలో పని లేని నెలల్లో కుర్రాళ్లు బ్యాగు తగిలించుకుని విశాఖకో హైదరాబాదుకో బయల్దేరడం మీరు చూస్తూనే ఉన్నారు. అందుకే వచ్చాను.

అసలు మన కొండల్లో లిఫ్టు లేదనడం కూడా తప్పే. ముంచంగిపుట్టు దాటి ఒనకఢిల్లీ వైపు వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. అక్కడి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రా, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. ఆరు యంత్రాలు, 120 మెగావాట్లు. డుడుమ దగ్గర నీళ్లు దూకే లోతే దాని బలం. ఆ లోతు వాడుకోవాలంటే పవర్‌హౌస్ లోయ అడుగున ఉండాలి. మరి డ్యూటీకి వెళ్లే మనిషి కిందికి దిగేదెలా? కొండ అంచున వించ్ పెట్టారు. నిటారు వాలులో పట్టాలు, పట్టాల మీద ట్రాలీ, ట్రాలీకి ఉక్కు మోకు. పైనున్న పెద్ద డ్రమ్ముకి ఆ మోకు చుట్టుకుంటుంటే ట్రాలీ ఎక్కుతుంది, వదులుతుంటే దిగుతుంది. మనుషులకీ సామాన్లకీ అదే దారి. హైదరాబాదులో యాభై అంతస్తుల టవరు పక్కన నిలబెట్టే హాయిస్టుకి ఇది పెద్దన్న అనుకోండి. అది గోడని పట్టుకుని ఎక్కుతుంది, ఇది కొండని.

ఇలాంటి దాన్ని ఎక్కేముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. మోకు తెగితే ఏమవుతుంది? ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

1854లో న్యూయార్క్‌లో ఎలిషా ఓటిస్ అనే ఆయన జనం ముందు ఒక బల్ల మీద నిలబడి, తనని పైకి లాగిన తాడుని నరికించుకున్నాడు. బల్ల కాస్త జారి ఆగిపోయింది. తాడు బిగువు పోగానే స్ప్రింగు రెండు వైపులా పళ్లు బయటికి తన్ని, పక్క స్తంభాల్లో కొరికి పట్టుకునేలా చేశాడాయన. తాడుతో బరువు లాగడం అప్పటికే వేల ఏళ్ల విద్య, మన నూతి గిలక కూడా అదే. ఓటిస్ కొత్తగా తెచ్చింది ఎత్తే విద్య కాదు, పడనివ్వని విద్య. మనిషి నమ్మి ఎక్కే లిఫ్టు ఆ రోజే పుట్టింది.

ఇప్పుడు మన సైట్లలో చూసే మాల్ లిఫ్టు, అంటే ఇసకా సిమెంటూ కలిపిన మాల్‌ని పైకి లాగే లిఫ్టు సంగతి. నాలుగు కాళ్ల ఇనుప చట్రం, మధ్యలో రేకు తొట్టి, పైన కప్పీ, కింద మోటారు. ఆపరేటర్ ఒక చేత్తో క్లచ్చు, ఒక చేత్తో బ్రేకు చూసుకుంటాడు. ఇటుకలు, మాల్, సిమెంటు బస్తాలు పోతాయి. దీనికి తలుపు లేదు. వేగం మించితే పట్టుకునే పరికరం లేదు. మోకు తెగితే ఏమవుతుంది? పడుతుంది. ఇటుకలైతే పగులుతాయి, పోనీ అనుకుంటాం. దానికి అంతవరకే లెక్క కట్టారు. సామాన్లెత్తే మోకు మోయాల్సిన బరువుకి అయిదారు రెట్లు బలంగా ఉంటే చాలంటాం. మనుషుల్ని మోసేదైతే పది రెట్లకి తగ్గనివ్వం. పైగా మోకు మీద భారం వెయ్యకుండా వేరే పట్టు కూడా ఉండి తీరాలి. సామాన్ల హాయిస్టు మీద మనుషులు ఎక్కరాదని బోర్డు రాయాలనీ, మనుషుల హాయిస్టు మీద ఎంతమంది ఎక్కాలో రాయాలనీ రూల్సు ఉన్నాయి. బోర్డు ఉంటుంది కూడా. సున్నం చిందులు పడి సగం కనిపించదు.

కొన్నేళ్ల కిందట ఒక కట్టడానికి నన్ను పిలిచారు. ఊరూ పేరూ వద్దు. పిలిచింది కూడా ప్రమాదం జరిగాక. ముగ్గురు కుర్రాళ్లు తొమ్మిదో అంతస్తు నుంచి మాల్ తొట్టిలో నిలబడి భోజనానికి దిగుతున్నారు. రెండో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి తొట్టి జారిపోయింది. కింద ఇసక కుప్ప ఉండబట్టి ప్రాణాలు దక్కాయి. ఒకడికి మడమ ఎముక నుజ్జయింది. వాడిది పాడేరు వైపు పల్లె. ఆసుపత్రిలో అడిగాను, అందులో ఎందుకెక్కావురా అని. "మెట్లు దిగి ఎక్కేసరికి అన్నం టైము అయిపోద్ది సార్" అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేదు. అంతకు ముందు నేనూ అందరిలాగే అనుకునేవాణ్ణి, కూలీలకి జాగ్రత్త లేదు, చెబితే వినరు అని. అరగంట భోజనం టైము ఇచ్చి, తొమ్మిది అంతస్తులకి మెట్లే దారి చేసి, పక్కనే ఖాళీగా దిగే తొట్టిని చూపించి, ఎక్కొద్దంటే ఎవడు ఆగుతాడు?

కాస్త లెక్క వేద్దాం. నలభై అంతస్తుల టవరంటే సుమారు 120 మీటర్లు. పని చేసేవాళ్లు ఆరువందల మంది. మనుషుల హాయిస్టు బోను ఒకటి. పట్టేది 24 మంది. నిమిషానికి 36 మీటర్ల వేగంతో ఆగకుండా వెళ్లినా పైకి మూడు నిమిషాలు దాటుతుంది. మధ్యలో ఆగడం, తలుపులు, తిరిగి దిగడం కలుపుకుంటే ఒక ట్రిప్పుకి ఎనిమిది నిమిషాలు వేసుకోండి. ఇరవై అయిదు ట్రిప్పులు. రెండొందల నిమిషాలు. పొద్దున్న ఎనిమిదికి పని మొదలంటే, ఆఖరి మనిషి పైకి చేరేసరికి పదకొండు దాటుతుంది. ఈ లెక్క కాంట్రాక్టరుకి తెలియనిది కాదు. రెండో హాయిస్టు అద్దె ఎంతో కూడా తెలుసు. హైదరాబాదులో 2006లో, స్థలానికి ఇంతకు మించి కట్టకూడదనే హద్దు తీసేశారు. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ వైపు మేడలు అలా పెరిగాయి. మేడ ఎత్తు పెరిగినంత జోరుగా హాయిస్టుల సంఖ్య పెరిగిందా అంటే, పెరగలేదనే నా అనుభవం.

2023 సెప్టెంబరు 10న ముంబయి పక్కన ఠాణేలో నలభై అంతస్తుల కట్టడం మీద పని ముగించుకుని దిగుతున్న ఏడుగురు కార్మికులు లిఫ్టు కూలి చనిపోయారు. తాడు తెగిందని అప్పటి వార్తలు. అయిదు రోజులు తిరక్కుండానే గ్రేటర్ నోయిడాలో ఇంకో కట్టడంలో అలాంటిదే జరిగింది. ఇలాంటివి పేపర్లో రెండు రోజులుంటాయి.

అయితే సరైన హాయిస్టు ఎలా ఉంటుంది? గుర్తుపట్టడం కష్టం కాదు. దాన్ని మోకు లాగదు. భూమి నుంచి పైదాకా ఇనుప స్తంభం నిలబెడతారు. అది ఒకటిన్నర మీటరు ముక్కలుగా ఉంటుంది, మేడ పెరిగేకొద్దీ ముక్క మీద ముక్క బిగిస్తారు, మధ్యమధ్య గోడకి కట్టేస్తారు. ఆ స్తంభానికి నిలువునా పళ్లు. బోనుకి ఉన్న మోటార్ల చక్రాలకీ పళ్లు. పంటిలో పన్ను పడి, మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. దానికి తోడు బోనులో ఒక ఉక్కు డబ్బా ఉంటుంది. జాతరలో రంగులరాట్నం ఎక్కినప్పుడు జోరు పెరిగేకొద్దీ మనల్ని బయటికి విసిరేస్తున్నట్టు ఉంటుందే, ఆ సూత్రమే ఆ డబ్బాలో ఉంది. బోను జారి వేగం హద్దు దాటగానే లోపలి గుండ్లు బయటికి విసురుకుని బ్రేకుని పట్టిస్తాయి. కరెంటు అక్కర్లేదు, ఆపరేటర్ మేలుకుని ఉండక్కర్లేదు. మూడు నెలలకోసారి లోపల మనుషులెవరూ లేకుండా బోనుని కావాలని జారవిడిచి, ఆగుతుందో లేదో చూస్తాం. ఆ పరీక్ష జరిగిన తేదీ బోనులో రాసి ఉండాలి. చదువు వచ్చినవాళ్లు అది చదవండి. రానివాళ్లు పక్కవాణ్ణి అడగండి.

ఇప్పుడు నేను తెచ్చిన వస్తువు చూపిస్తాను. ఇదుగో, పారేసిన ఉక్కు మోకు ముక్క. 13 మిల్లీమీటర్ల లావు. విప్పి చూస్తే ఆరు పురులు, ఒక్కో పురిలో 19 తీగలు. మొత్తం 114. మధ్యలో నూనె పీల్చిన నార. పైకి నున్నగానే ఉంది కదా? గుడ్డ పెట్టి ఇలా లాగుతాను. చూశారా, గుడ్డ పీచు పట్టుకుంది. అక్కడ తీగ తెగి ముల్లులా లేచింది. దీన్ని వట్టి చేత్తో తడమకండి, అరచెయ్యి చీరుకుపోతుంది. మోకు లావుకి ఎనిమిది రెట్ల పొడవు తీసుకోవాలి, దీనికైతే బెత్తెడు మీద ఇంకాస్త. అంత పొడవులో నూటికి పది తీగల కంటే ఎక్కువ తెగి కనిపిస్తే ఆ మోకు వాడకూడదు. అంటే దీనికి పన్నెండో తీగ తెగితే చెత్తలోకే. ఇందులో నేను పదిహేడు లెక్కపెట్టాను. తీసేసే రోజు దాకా అది బరువులు ఎత్తుతూనే ఉంది.

మోకు చివర మడిచి బిగించే ఈ క్లాంపు ఇంకో దొంగ. దీనికి ఒక వైపు వంపు కడ్డీ, ఒక వైపు చదునైన దిమ్మ. దిమ్మ బరువు మోసే మోకు మీద ఉండాలి, కడ్డీ తోక మీద పడాలి. తిరగేస్తే కడ్డీ మోసే మోకునే నలిపేస్తుంది, పట్టూ సడలుతుంది. ఆ పాడేరు కుర్రాడి తొట్టికి మూడు క్లాంపులుంటే రెండు తిరగేసి ఉన్నాయి. మోకు తెగలేదు, జారిపోయింది. విశాఖ పోర్టులో పాత కళాసీలు చీకట్లో చేత్తో తడిమి చెప్పేవాళ్లు, క్లాంపు బోర్లా పడిందో వెల్లకిలా పడిందో. నాకు ఈ విద్య కాలేజీ కంటే వాళ్ల దగ్గరే ఎక్కువ అబ్బింది.

టవర్ క్రేను గురించి రెండు మాటలు. దాని కొక్కేనికి మనిషి ఎప్పుడూ వేలాడకూడదు, సరదాకైనా సరే. ఇక గాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు ఎలా కూలాయో, వాటి కింద కాఫీ మొక్కలు ఎలా పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తుపాను వస్తుందంటే క్రేను పొడుగు చెయ్యిని తాళ్లతో కట్టేయాలని మనకు తోస్తుంది. కట్టేయకూడదు. తిరిగే చోట బ్రేకు విడిచిపెట్టి, గాలి ఎటు వీస్తే అటు తిరగనివ్వాలి. అడ్డంగా నిలబడితే గాలి దాన్ని విరిచేస్తుంది. మన భాషలో గాలికి వదిలేయడమంటే పట్టించుకోకపోవడం. క్రేనుకి మాత్రం అదే రక్ష.

పరీక్ష కూడా ప్రమాదమే. 2020 ఆగస్టు 1న విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేనుకి బరువు పరీక్ష జరుగుతుండగా అది కూలి 11 మంది చనిపోయారు. బరువు పరీక్ష జరిగే చోట పని లేనివాడు ఉండకూడదు. "చూడ్డానికి రారా" అని ఎవరు పిలిచినా వెళ్లకండి.

మీ కుర్రాళ్ల గురించి మేస్త్రీలు ఒక మాట గొప్పగా చెబుతారు. కొండవాళ్లకి ఎత్తంటే భయం లేదు సార్, మిరియాలు కొయ్యడానికి వెదురు గెడ ఆనించి సిల్వర్ ఓక్ ఎక్కేస్తారు, బెల్టు కూడా అడగరు అని. ఆ పొగడ్తకి పొంగిపోకండి. చెట్టు మీరు పుట్టినప్పటి నుంచి ఎరిగినది, ఏ కొమ్మ ఆగుతుందో కాలికి తెలుసు. ఇరవయ్యో అంతస్తులో నిన్న సాయంత్రం ఎవరో బిగించిన పరంజా గొట్టం సంగతి మీ కాలికి తెలియదు. బెల్టు అడగని కూలీ కాంట్రాక్టరుకి చవక, అంతే.

చివరగా కాగితం పని. కట్టడం కార్మికుల కోసం 1996లో చట్టం చేశారు. 2020లో చేసిన భద్రతా కోడ్‌లో దాన్ని కలిపారు. కట్టే ప్రతి పెద్ద మేడ ఖర్చులో నూటికి రూపాయి సెస్సుగా సంక్షేమ బోర్డుకి పోతుంది. ఆ డబ్బు మీది. పద్దెనిమిది నిండి అరవై దాటనివాడు, ఏడాదిలో తొంభై రోజులు ఈ పని చేస్తే బోర్డులో పేరు రాయించుకోవచ్చు. పని ఏ రాష్ట్రంలో చేస్తే ఆ రాష్ట్రం బోర్డులో రాయించుకోండి. ఆధార్, బ్యాంకు పుస్తకం వెంట ఉంచుకోండి. హాజరు చీటీలు పారెయ్యకండి. తొంభై రోజుల లెక్క అవే చెప్పాలి. అమ్మలూ, కొడుకు ఫోన్ చేసినప్పుడు అన్నం తిన్నావా అని అడుగుతారు కదా, పైకి దేంట్లో వెళ్తున్నావురా అని కూడా అడగండి.

మోకు ముక్క, క్లాంపు ఈ బల్ల మీదే ఉంచుతున్నాను. వెనక వరసలో నిలబడ్డ కుర్రాళ్లు ముందుకి రండి. గుడ్డ ఇదుగో. తెగిన తీగలు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి. పదిహేడు కంటే ఎక్కువ ఎవరికైనా దొరికితే నాకు చెప్పండి.