చిన్నయసూరిగారు – మన కర్తవ్యము
(సంఘ సమావేశమునందలి ప్రసంగ పాఠము)



తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగువారము తరచుగా వినుమాట యొకటి కలదు: “మీ భాష ఉత్తరమున నున్నది, ఇచ్చట దానితో మీకేమి పని?” దీనికి సమాధానము దూరమున లేదు. శ్రీ రామానుజులవారు జన్మించిన శ్రీపెరుంబూదూరే పరవస్తు చిన్నయసూరిగారికిని జన్మస్థలము. తెలుగునకు ప్రామాణిక వ్యాకరణము మన పొరుగూరి బిడ్డడే వ్రాసెను.

సూరిగారు చెన్నపట్టణమున ఉపాధ్యాయులై, పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులైరి. 1853లో వెలువడిన నీతిచంద్రికలో పంచతంత్ర, హితోపదేశముల కథలను మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములుగా చక్కని వచనమున కూర్చిరి. పద్యమునకే పెద్దపీట వేసిన కాలమది. మిత్రభేదము వర్ధమానుడను వర్తకునితో మొదలగును. అతడు అడవిలో విడిచిన సంజీవకుడను ఎద్దు, పింగళకుడను సింహమునకు ప్రాణమిత్రమగును. నక్క చాడీలు ఆ స్నేహమును చెరచును. భాగస్వాములతో వ్యాపారము సేయు మావంటివారికి ఇంతకన్న పనికివచ్చు పాఠము లేదు.

1858లో బాలవ్యాకరణము పది పరిచ్ఛేదములతో వెలువడెను. తరువాత గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై పోరాడిరి. నేడు బడులలోను పత్రికలలోను అదియే వాడుక. అయినను తెలుగు సంధులు బోధించునపుడు నేటికిని బాలవ్యాకరణమే ఆధారము.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరెను. 2006 నాటి చట్టముచే పదవ తరగతి వరకు తమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యాంశమైనది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. మన పిల్లలు దానిని చక్కగా నేర్వవలసినదే. మన బాధ వేరు. ఇంట తెలుగు మాటలాడు పిల్లలు తాతగారి చిట్టా ఆవర్జాలలోని తెలుగు అక్షరములను చదువలేకున్నారు. అయితే, సాయంకాలము మన యింట అక్షరములు దిద్దించుటను ఏ చట్టమును ఆపజాలదు.

స్పెయిను దేశమువారు 1991లో తమ భాషను లోకమునకు నేర్పు సంస్థను నెలకొల్పి, డాన్ కిహోటే కర్తయైన సెర్వాంటెసు పేరిడిరి. మహారచయితను గౌరవించు మార్గమదియే.

కావున మా మనవి యిది: ప్రతి కుటుంబమువారును వారమున కొక సాయంకాలము నీతిచంద్రిక కథ నొకదానిని, కఠినపదములకు అర్థము చెప్పుచు, పిల్లలకు చదివి వినిపింపవలెను, పిదప వారిచేత నాలుగు పంక్తులు వ్రాయింపవలెను. తెలుగు చదువగల పెద్దలు లేని యిండ్లకు సంఘమునుండి మేమే వత్తుము.