మేనరికము – పులిపిరి – ఎండ



నాదెండ్ల మిరపచేల యెండ యెంతటిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. కొందఱి చర్మమున కా యెండ కడు శత్రువు. 1922లో లెవండోస్కీ, లుట్జ్ అను వైద్యులు వర్ణించిన అరుదగు వ్యాధి యొకటి గలదు. దాని పేరు ఎపిడెర్మోడిస్‌ప్లేసియా వెరూసిఫార్మిస్. బాల్యముననే చదునైన పులిపిరులును, శోభిని బోలిన మచ్చలును లేచి, మానకుండును.

పులిపిరి వైరస్సులలో కొన్ని మనలో పెక్కుమంది చర్మముపై నుండియు హాని చేయవు. వాని నదుపున నుంచు జన్యువులు చెడినవారికే యీ యిడుమ. అట్టి జన్యువులు రెండు 2002లో బయల్పడినవి. తలిదండ్రు లిరువురును ఒక్కొక్క చెడు జన్యువును మోయుచున్నచో, తమకు రోగము లేకున్నను, పుట్టు ప్రతి బిడ్డకును అది వచ్చుటకు నాల్గింట నొకపాలు అవకాశము గలదు. మేనరికములం దిట్టి కలయిక యెక్కువ.

ఇది శాపము గాదు. ప్రక్కన గూర్చున్నవారి కీ రోగ మంటదు, బిడ్డను వెలివేయకుడు. సమూలముగా మాన్పు మందు లేదు. ఎండ దగులు చోట్ల మచ్చలు క్యాన్సరుగా మాఱవచ్చును గనుక, ఆ బిడ్డకు నీడపట్టు వృత్తి నేర్పుడు. నిండుచేతుల చొక్కా తొడుగుడు. చర్మవైద్యునికి విడువక చూపుచుండుడు. సంబంధము నిశ్చయించునపుడు జాతకములతోపాటు వంశమున నిట్టి వ్యాధి గలదేమో విచారింపుడని పెద్దలకు నా మనవి.