మినహాయింపు ఎవరి చేతిలో?

అమెరికా కాంగ్రెస్ 1995లో చేసిన ఒక చట్టంతో మొదలుపెడతాను. ఇజ్రాయెల్‌లో తమ రాయబార కార్యాలయాన్ని 1999 మే 31 లోగా జెరూసలేంలో తెరవాలని, లేకపోతే విదేశాల్లో భవనాల కోసం విదేశాంగ శాఖకు ఇచ్చే డబ్బులో సగానికి తాళం పడుతుందని ఆ చట్టం చెప్పింది. సెనేట్‌లో 93 మంది ఔనన్నారు, ఐదుగురే కాదన్నారు. అంత గట్టి చట్టంలోనే ఏడో సెక్షన్ కూడా ఉంది. దేశ భద్రతా ప్రయోజనాలకు అవసరమని అధ్యక్షుడు నిర్ణయిస్తే ఆ తాళాన్ని ఆరు నెలలు పక్కన పెట్టవచ్చు, గడువు తీరాక మరో ఆరు నెలలు పొడిగించవచ్చు. క్లింటన్, బుష్, ఒబామా ఆరేసి నెలలకు ఒకసారి అదే పని చేశారు. కార్యాలయం మారుస్తానని ఎన్నికల్లో మాట ఇచ్చిన ట్రంప్ కూడా 2017 జూన్‌లో అదే సంతకం పెట్టారు. ప్రచురితమైన ఉత్తర్వు చూడండి: విదేశాంగ మంత్రి పేర కొద్ది వాక్యాలు, వాటిలోనూ చట్టంలోని మాటలే. ముప్పు ఏమిటో, ఎవరి నుంచో అందులో కనబడదు. 2018 మేలో కార్యాలయం మారింది నిజమే, కానీ మార్చింది ఒక అధ్యక్షుడి రాజకీయ నిర్ణయం. చట్టంలోని గడువు అప్పటికి పంతొమ్మిదేళ్ల పాతది. గట్టిగా ఓటేశారన్న పేరు సభ్యులకు దక్కింది, వెసులుబాటు అధ్యక్షుడికి మిగిలింది. పాము చావలేదు, కర్రా విరగలేదు.

అలాగని ఇలాంటి మినహాయింపులే వద్దనడం తొందరపాటు. అవి లేని చట్టం ఎలా ఉంటుందో మన దేశానికి బాగా తెలుసు. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షలు జరగగానే అమెరికా చట్టంలోని గ్లెన్ సవరణ కింద భారత్‌పై ఆంక్షలు పడ్డాయి. అదే నెలాఖరులో పరీక్షలు జరిపిన పాకిస్తాన్‌పైనా పడ్డాయి. వాటిని ఎత్తేసే అధికారం అధ్యక్షుడికి అప్పట్లో లేదు. పాకిస్తాన్‌కు గోధుమలు అమ్ముకునే అమెరికా రైతులకే దెబ్బ తగులుతుందని తేలేసరికి, జూలైలోనే వ్యవసాయ ఎగుమతులకు వెసులుబాటిస్తూ కాంగ్రెస్ హడావుడిగా మరో చట్టం చేసింది. అక్టోబర్‌లో బ్రౌన్‌బ్యాక్ సవరణ ఏడాది పాటు మినహాయించే అధికారం ఇచ్చింది, మరుసటి ఏడాది ఆ గడువు కూడా తీసేశారు. మిగిలిన ఆంక్షలను 2001 సెప్టెంబర్‌లో బుష్ ఎత్తేశారు. కాబట్టి తలుపు ఉండాలి. ఆ తలుపు ఎవరు తెరవాలి, తెరిచాక దానంతట అది మూసుకుంటుందా అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ 1983 నాటి చద్దా తీర్పు అడ్డొస్తుంది. అంతకు ముందు అధ్యక్షుడికి అధికారం అప్పగిస్తూనే, నచ్చకపోతే ఒక సభ తీర్మానంతో వెనక్కి తీసుకునే ఏర్పాటును కాంగ్రెస్ ఎన్నో చట్టాల్లో పెట్టుకుంది. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు ఒక మినహాయింపును రద్దు చేయాలంటే రెండు సభలూ బిల్లు ఆమోదించాలి, దాన్ని అధ్యక్షుడు వీటో చేస్తే మూడింట రెండొంతుల మంది మళ్లీ నిలబడాలి. ఇవ్వడానికి ఒక సంతకం, ఆపడానికి అంత సైన్యం! బాలలను సైనికులుగా వాడే ప్రభుత్వాలకు సైనిక సాయం ఆపాలన్న 2008 చట్టం గతి కూడా ఇదే. 2010లో తొలి జాబితాలో ఆరు దేశాలుంటే నాలుగింటికి ఒబామా మినహాయింపు ఇచ్చారు.

మినహాయింపు అనేది బేరానికి పనికొచ్చే ఆయుధమని, దౌత్యానికి అది కావాలని కొందరు వాదిస్తారు. అందులో కొంత నిజముంది. 2017లో వచ్చిన అమెరికా ఆంక్షల చట్టం కాట్సా, రష్యా ఆయుధాలు కొనే దేశాలకు వర్తిస్తుంది. ఎస్-400 క్షిపణులు కొన్నందుకు టర్కీ మీద 2020 డిసెంబర్‌లో ఆంక్షలు పడ్డాయి. అవే క్షిపణులకు 2018లో ఒప్పందం చేసుకున్న మన మీద పడలేదు. మనకు కలిసొచ్చింది కదా అని ఆ చట్టాన్ని మెచ్చుకోవడం సులువు. ఒకే పనికి ఒకరికి శిక్ష పడి, మరొకరికి పడకపోతే, తేడాకు కారణం చట్టంలో దొరకాలి. దొరకకపోతే ఈసారి మనం ఇవతల ఉన్నాం, అంతే.

మరి దారేమిటి? 2021 జూలైలో సెనేటర్లు మర్ఫీ, లీ, శాండర్స్ ఒక బిల్లు తెచ్చారు. ముగ్గురి రాజకీయాలూ ఎంత దూరమో అమెరికా వార్తలు చదివేవారికి తెలుసు. అధ్యక్షుడు ప్రకటించిన అత్యవసర స్థితి కాంగ్రెస్ ఆమోదించకపోతే 30 రోజుల్లో దానంతట అదే ముగిసిపోవాలన్నది అందులో ఒక ప్రతిపాదన. బిల్లు చట్టం కాలేదు. ఆ పద్ధతిని మినహాయింపులకూ వర్తింపజేస్తే నిజమైన ఆపదలో అధ్యక్షుడు ఆ క్షణమే కదలవచ్చు, పొడిగించాలంటే మాత్రం సభకు వచ్చి ఓట్లు కూడగట్టుకోవాలి. సభ కళ్లు మూసుకుని ప్రతిసారీ ఔనంటే ఏం లాభమని అడగవచ్చు. అప్పుడైనా ఎవరు ఔనన్నారో పేరు పేరునా నమోదవుతుంది, తర్వాతి ఎన్నికల్లో వాళ్లే దానికి జవాబు చెప్పుకోవాలి.