మా హిమాలయ నడక, దాని జమాఖర్చు

(శతజయంతి యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



2014 మే 25న అప్పటి ఉమ్మడి రాష్ట్రపు సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుచున్న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. ఆ వార్త విన్ననాటినుండి మా పాస్టరేటు యువజనులకు కాలు నిలువలేదు. నాలుగేండ్ల తరువాత వారు ఒక ప్రతిపాదనతో మా యొద్దకు వచ్చిరి. నేపాల్‌లో 5,364 మీటర్ల ఎత్తున నున్న ఎవరెస్టు బేస్ క్యాంపు వరకు నడువవలెను. నడిచిన ప్రతి కిలోమీటరుకు సంఘస్థులు ఇంత అని చందా వ్రాయవలెను. ఆ సొమ్ము 2015 భూకంపములో దెబ్బతిన్న సోలుఖుంబు జిల్లాలోని ఒక పల్లెటూరి బడి కప్పుకు ఇయ్యవలెను.

కమిటీలో ఒక పెద్దాయన లేచి, "అయ్యగారూ, ఈ తొమ్మిదిమంది రానుపోను ఛార్జీలు పంపితే ఆ బడికి రెండు కప్పులు పడవా?" అనెను. మేము తడుముకొంటిమి. ఎవరి ఖర్చు వారే పెట్టుకొందురనియు, చందాలో పైసా ముట్టమనియు చెప్పి ఆ పూట గట్టెక్కితిమి. కాని ఆ ప్రశ్న మాతోపాటు రైలెక్కినది.

2018 అక్టోబరులో గోరఖ్‌పూర్ వరకు రైలు, అక్కడనుండి కాఠ్మండుకు బస్సు, కాఠ్మండు నుండి సల్లేరికి జీపు. విమానపు ఖర్చు మిగులునని ఈ దారి పట్టితిమి. నడుములు మాత్రము మిగులలేదు. సల్లేరి ప్రక్కనే ఫాప్లూ. అక్కడి ఆసుపత్రి ఎడ్మండ్ హిల్లరీగారు కట్టించినది. 1975 మార్చి 31న, ఆ పని జరుగుచుండగా, ఆయన యొద్దకు బయలుదేరిన భార్య లూయీస్, చిన్నకుమార్తె బెలిండా కాఠ్మండులో విమానము కూలి మరణించిరి. అయినను ఆయన ఆసుపత్రిని ముగించెను. ఆ గేటు ముందు మాలో ఎవరును మాటలాడలేదు.

1953లో టెన్సింగ్ నార్గేతో కలిసి శిఖరమెక్కిన హిల్లరీగారు న్యూజిలాండులో తేనెటీగలు పెంచుకొను మనిషి. ఆయన షెర్పాలకు ఏదో ఒకటి చేసిపెట్టి పోలేదు. ఏమి కావలెనని వారినే అడిగెను. బడి కావలెననిరి. 1961లో ఖుమ్‌జుంగ్ గ్రామములో, సుమారు 3,790 మీటర్ల ఎత్తున, అల్యూమినియము రేకుల గదిలో ఆ బడి మొదలైనది. 1966లో ప్రక్క గ్రామమైన కుందేలో ఆసుపత్రి లేచినది. ఖుమ్‌జుంగ్ బడిలో చదివిన ఒక షెర్పాయే తరువాతి కాలములో ఆ ఆసుపత్రికి డాక్టరయ్యెను. దేశదేశములు తిరిగి ఉపన్యాసములిచ్చి హిల్లరీగారు చందాలు పోగుచేసిరి.

లుక్లా విమానాశ్రయపు సంగతి ఇంకను వినదగినది. ఆసుపత్రి సామాను తెచ్చుకొనుటకు 1964లో దానిని కట్టిరి. ఆయన మొదట చూచినది సమమైన సాగుభూమి. రైతులు ఇయ్యమనిరి. సరేయని వాలుగా నున్న వేరొక చోటు చూచుకొనెను. నేల గట్టిపడుటకు షెర్పాలకు వారి సారాయి పోయించి, చేతులు పట్టుకొని నాట్యము చేయించెనట! (సారాయి మాట మన కమిటీవారు విననట్లే యుందురు గాక.) సామాను కొరకు వేసిన ఆ దారియే నేడు యాత్రికుల సింహద్వారమైనది.

ఇక మా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటె ఎత్తైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. నామ్చే బజారు 3,440 మీటర్లు. అనగా రెండు అర్మకొండలు. అక్కడ రెండు రాత్రులు ఆగనిదే పైకి పోరాదు. 3,000 మీటర్లు దాటిన పిమ్మట ఏ రాత్రియు ముందటి రాత్రికంటె 500 మీటర్లకు మించి పైన పండుకొనరాదని వైద్యుల మాట. పుస్తకములో చదివినప్పుడు ఇది మాకు చాదస్తముగా తోచినది.

మా సామాను మోయుటకు ఒక ఏజెంటు ఇద్దరిని కుదిర్చెను. బరువు మోయువారందరును షెర్పాలే యని మేమనుకొంటిమి. కాదు, అనేకులు క్రింది లోయలలోని రాయ్, తమాంగ్ బిడ్డలు. ఆ ఎత్తు మనకు కొత్తయైనట్లే వారికిని కొత్త. డోకో యను వెదురుబుట్టను వీపున నుంచి, దాని పట్టీని నుదుటికి తగిలించుకొని నడతురు. నేపాల్‌లో ఒకరికి 30 కిలోలు మించరాదని మోతవారి క్షేమము చూచువారు చెప్పుదురు. నామ్చే దాటిన తరువాత ఒకనాడు మా కుర్రవాడొకడు సరదాకు ఆ బుట్ట నెత్తబోయి, ఎత్తలేక కూలబడెను. విప్పి చూతుము గదా, అందులో మా ఆవకాయ జాడీలు మూడు, బియ్యము, మా అందరి రెండవ జత బూట్లు!

తగ్గింతుమని అనుకొనుచునే ఇంకొక దినము గడిపితిమి. ఆ తప్పు ఏజెంటుదని చెప్పుకొనుట సులభము, జాడీలు మావి. డింగ్‌బోచేలో, 4,410 మీటర్ల యొద్ద, 19 ఏండ్ల ఆ రాయ్ పిల్లవానికి రాత్రి తలనొప్పి, వాంతులు. ఉదయము తిన్నగా నిలువలేకపోయెను. పేదలకు సహాయము చేయవచ్చినవారమని బ్యానరు కట్టుకొని వచ్చిన మేము, ఆ పేదవానిని మా పచ్చడి క్రింద పడవేసితిమి.

మేమును, మరి ఇద్దరును అతనిని ఫేరిచేకు దింపితిమి. 1973 నుండి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారు అక్కడ వైద్యశాల నడుపుచున్నారు. విదేశీయుల యొద్ద తీసికొను రుసుముతో స్థానికులకు తక్కువకే చికిత్స చేయుదురు. నడకవారి సొమ్ము కొండవారికి చేరుటకు ఇంతకంటె తిన్నని దారి మేము చూడలేదు. డాక్టరమ్మ అతనిని పరీక్షించి, ఆక్సిజను పెట్టి, వెంటనే ఇంకను క్రిందికి తీసికొనిపొండనెను. రెండు దినములలో అతడు తేరుకొనెను. కూలి పూర్తిగా ఇచ్చితిమి. అతడు లెక్కపెట్టుకొని, ఒక జాడీ మాత్రము అడిగి తీసికొనెను.

ఆరుగురు బేస్ క్యాంపు చేరిరి. మేము ముగ్గురము చేరలేదు. ఇంటికి వచ్చిన తరువాత, "పూర్తిగా నడువలేదు గదా అయ్యగారూ" అని ఒకరిద్దరు మా కిలోమీటర్ల చందా కోసికొనిరి. న్యాయమే.

లెక్కలు చదువు దినమున, తొమ్మిదిమందికి అయిన ఖర్చు చందాకంటె ఎక్కువయని ఉన్నదున్నట్లు సంఘములో చదివితిమి. పెద్దాయన తలయూపెను గాని, ఏమియు అనలేదు. కప్పు మాత్రము పడినది. ఊరివారే రాళ్లు మోసి, దూలములెత్తిరి.

ఇప్పుడు యువజనులు మరల పోవుదుమనుచున్నారు. ఈసారి ముందు ఆ బడి ప్రధానోపాధ్యాయునికి ఉత్తరము వ్రాసి, ఏమి కావలెనని అడిగితిమి. జవాబు వచ్చినది. కప్పు గాని, బల్లలు గాని ఆయన అడుగలేదు. లెక్కలు చెప్పు ఉపాధ్యాయునికి రెండేండ్ల జీతము కావలెనట. పెద్దాయన ఆ ఉత్తరము రెండుమార్లు చదివించుకొని, ఎవరు నడిచినను నడువకున్నను మొదటి నెల జీతము తనదని వ్రాయించెను.